ఊపిరి లేని గాలియార్డ్

మంచికి పోతే చెడు ఎదురైందంటారు చూడండి, అక్క విషయంలో అచ్చం అదే జరిగింది.

తమ్ముడు వాయించేది తోలు చుట్టిన వంకర కొయ్యబూర. గేదె కొమ్ము ఊడొచ్చిందా అని ఇంట్లోవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. నాలుగైదు వందల ఏళ్ల కిందట, రినైసాన్స్ కాలంలో యూరప్ జనం ఆడిన నాట్యాల బాణీలను ఆనాటి వాయిద్యాల మీదే వాయించి రికార్డు చేసే బృందం వాళ్లది. ఆ రికార్డింగులను కోసి, అతికించి, శుభ్రం చేసే పని అక్కది. ఆల్బమంతా అయిపోయి, గాలియార్డ్ అనే గెంతుల నాట్యం ఒక్కటే మిగిలిందనగా తమ్ముడికి మూతి వంకరపోయింది. ఒక పక్క పెదవి చచ్చుబడింది. ఊదితే గాలి పక్కనుంచి జారిపోతుంది.

బృందం పెద్దాయన మర్యాదస్తుడు. "తొందరేం లేదమ్మా, ఆగుతాం" అన్నాడు. అన్నాడే గానీ, ఇంకొకరి కోసం వెతుకుతున్నాడని అక్కకు తెలిసింది. తమ్ముడు మాత్రం రోజూ అద్దం ముందు కూర్చుని ఆ పెదవిని బతిమాలుతూనే ఉన్నాడు. గాలియార్డ్ తనకోసమే ఆగి ఉందన్నది అతనికి మిగిలిన ఒకే ఒక్క ఆశ.

అక్క తమ్ముడి పాత రిహార్సల్ రికార్డింగు ముక్కలన్నీ తవ్వింది. ఇక్కడొక స్వరం, అక్కడొక పలుకు ఏరి, పూసలు గుచ్చినట్టు గుచ్చి గాలియార్డ్ మొత్తం తయారుచేసింది. పెద్దాయన విని పొంగిపోయి, ఇక ఎవరికోసమూ చూడక్కర్లేదన్నాడు. అక్క సంబరంగా తమ్ముణ్ణి కూర్చోబెట్టి వినిపించింది.

"ఎవరక్కా ఇది?"

"ఇంకెవరు, నువ్వే. నీ పేరే వేస్తారు."

అతను కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"మరి ఊపిరెక్కడ తీసుకున్నాను?"

అతుకుల దగ్గర ఊపిరి చప్పుళ్లు కుదరక ఆమే కోసేసింది.

"బాగుందిలే. నాకంటే నీ మిషనే బాగా వాయించింది. ఇక నేను రానక్కర్లేదు కదా."

"ఒరేయ్, అలా అనకురా. వద్దంటే తీసేస్తాను."

"తీసేస్తే వేరేవాడొస్తాడు. ఉంచితే నన్ను పిలవరు. ఏం చేసినా నేను లేనట్టేగా."

గొంతులో కోపం లేదు. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు. చేజేతులా వాడి ఆశను తెంపేశాననుకుంది.

"ఇంకోసారి పెట్టక్కా" అన్నాడు.

పెట్టింది. బాణీ గెంతుతూ పోతుంటే అతని పెదవులు తెలియకుండానే కదలసాగాయి, ఒక పక్క మాత్రమే. అది తెలిసొచ్చి, అరచేత్తో మూతి కప్పుకున్నాడు.