కొండచలి ఎక్కిన కారు

ఆత్మకూరులో రామసుబ్బమ్మగారి కారు ఎండాకాలమంతా అద్దాలు బిగించుకునే తిరిగేది. ఒక పుష్యమాసం తెల్లవారుజామున ఉదయగిరి నుంచి వస్తుంటే తెరిచిన అద్దంలోంచి కొండచలి కారెక్కింది, మళ్ళీ దిగలేదు. ఊళ్ళో దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోలేదు. రోహిణికార్తెలో పెళ్ళికూతురిని తీసుకెళ్ళడానికి ఆ కారే అడిగేవాళ్ళు, దుప్పటి వెంట తెచ్చుకునేవాళ్ళు.

రామసుబ్బమ్మ అనుమానపు మనిషి. పాలు పల్చబడితే గేదెను కూడా నిలదీసే రకం. కారులో పెట్టిన వక్కల డబ్బీ కనబడలేదని ఒక చలికాలంలో డ్రైవరు హుసేనయ్యకు కొత్త పద్ధతి పెట్టింది. కళ్లంలో పనయ్యాక కూలీలు పైగుడ్డ దులిపి, గింజ లేదని చూపించి వెళ్తారు కదా, అలాగే అతనూ రోజూ సాయంత్రం కారు తుడిచిన గుడ్డను వాకిట్లో దులిపి వెళ్ళాలి. డబ్బీ ఆమె మంచం కిందే దొరికింది. పద్ధతి మాత్రం ఉండిపోయింది.

ఎండలు మొదలయ్యేసరికి కారులో చలి తగ్గింది. వింజమూరు చేరకముందే ఆమెకు జాకెట్టు తడిసి వీపుకంటుకుంది.

"ఏంది హుసేనయ్యా ఇది? చలి యాడికి బొయ్యింది?"

"అదే నాకూ అంతుబట్టలేదమ్మా."

బస్సుల షెడ్డు నుంచి మెకానిక్కు గురుస్వామిని పిలిపించింది. అతను తలుపుల రబ్బర్లు ఒత్తి చూశాడు. అగరొత్తి వెలిగించి, పొగ ఏ సందులోంచి బయటికి పోతుందోనని కారంతా తిప్పాడు. ఇంజను వేడి పైకి రాకుండా కాళ్ళకింద గోనెపట్టా పరిచాడు. "కారులో లోపం లేదమ్మా. చలే తక్కువగా ఉండాది," అని చేతులు తుడుచుకున్నాడు.

కారులో లేకపోతే లోపం మనిషిలో ఉన్నట్టే. హుసేనయ్య చలిని ఎత్తుకుపోయి సోడా కొట్టుకు అమ్ముతున్నాడని ఆమె తేల్చేసుకుంది. గుడ్డ రెండు వైపులా దులిపించి, కళ్ళు చిట్లించి చూసేది. ఏమీ రాలేది కాదు. అరుగు మీద కూర్చునే అత్తగారు సుబ్బరత్నమ్మ మాత్రం "కాళ్ళు కొంకర్లు పోతా ఉండాయి, కంబళి తెచ్చియ్యండే" అని గొణిగేది. ముసలితనం అనుకున్నారంతా.

ఒకరోజు జలదంకి నుంచి వియ్యాలవారు వచ్చారు. వాళ్ళు చూస్తుండగానే రామసుబ్బమ్మ కేకేసింది. "ఇంకా గట్టిగా దులుపు! చలి ఎవురికి అమ్ముకుంటా ఉండావో నాకు తెలీదనుకున్నావా?"

హుసేనయ్య మొదటిసారి తలెత్తాడు. "మీ పిల్లోళ్ళను బడికి తీస్కపోయింది నేనే గదమ్మా. నన్ను దొంగన్నాక ఈడ నాకు పన్లేదు." తాళంచెవి మెట్టుమీద పెట్టి, గుడ్డ దులపకుండా భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు కారు పొయ్యిలా ఉంది. అరుగు మీద అత్తగారు కంబళి తీసి పక్కన పడేసింది. "నిన్న సాయంత్రం నించీ కాళ్ళు హాయిగా ఉండాయే. వాడు గుడ్డ దులపలేదా ఏంది? దులిపినప్పుడల్లా చలి వచ్చి నా మింద పడతా ఉండె."

రామసుబ్బమ్మకు అప్పుడు తెలిసొచ్చింది. చలి రాత్రిపూట అతని గుడ్డలో పడుకుని, పొద్దున అతనితోపాటు వచ్చి మళ్ళీ కారెక్కేది. దాన్ని రోజూ వాకిట్లో పారబోయించింది తనే. సిగ్గుతో చచ్చిపోయింది. అయినా అతనికి కబురు పెట్టడానికి మనసొప్పలేదు.

హుసేనయ్య ఉదయగిరి బస్సుకు డ్రైవరుగా చేరాడు. ఖాళీ బస్సులు వదులుకుని, అతని బస్సు కోసం ఎండలో కాచుకునేవాళ్ళు. అతను లేకుండా బండి తీయనని ఓనరు అందరికీ చెప్పేవాడు.

ఉదయగిరిలో చెల్లెలికి సుస్తీ అని తెలిసి రామసుబ్బమ్మ బయల్దేరక తప్పలేదు. ఆ కారులో కూర్చోలేక, ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని బస్సు దగ్గరికి వచ్చింది. హుసేనయ్య చూడనే చూశాడు.

"ఎక్కండమ్మా. ముందు సీటు ఖాళీగా ఉండాది."

తప్పయిందని అందామనుకుని, కొంగు సర్దుకుంటూ ఆ సీట్లో కూర్చుంది. బస్సంతా చల్లగా ఉన్నా తను కూర్చున్నచోట మాత్రం కాలిపోతుందనుకుంది. అలా కాలితే బాగుండునని కూడా అనిపించింది. అరచెయ్యి సీటుకు ఆనించి చూసుకుంది.

అందరి సీట్లలాగే అదీ చల్లగా ఉంది. రామసుబ్బమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.