కూర్మయ్య నకళ్ళు

మొగుడి గొప్పలు వినీ వినీ లక్ష్మీనరసమ్మకి చెవులు దిబ్బళ్ళు పడిపోయాయి. శ్రీకాకుళం ట్రెజరీలో షరాబుగా చేసి దిగిపోయిన మనిషి జగన్నాధం. జమకొచ్చిన రూపాయిల్లోంచి దొంగదాన్ని ఏరడం, దాని మీద ఉలి ఆనించి ఒక్క సుత్తి దెబ్బతో గాటు పెట్టడం, ఇదీ ఆయన వెలగబెట్టిన రాచకార్యం. గాటు పడ్డ రూపాయి మరి బజార్లో చెల్లదు. ఉద్యోగంలోంచి దిగిపోయినా అలాంటి ఉలీ సుత్తీ కొని ఇంట్లో పెట్టుకున్నాడు. దసరాకి వాటికి పసుపు రాసి బొట్టు పెట్టి, పక్కింటివాళ్ళని పిలిచి మరీ చూపించేవాడు. ఆ పక్కింటివాళ్ళు పులిహోర కోసం వచ్చేవారు. ఉలి మొహం ఎవడు చూశాడు?

లక్ష్మీనరసమ్మ తండ్రి కూర్మయ్య ఒక ఇంగ్లీషు దొర దగ్గర గుమాస్తా. ఆ దొరకి పాత నాణేల పిచ్చి. కళింగపట్నం వైపు దిబ్బల్లో ఏనుగు బొమ్మ ఉన్న పాతకాలం కాసులు దొరికాయి. కూర్మయ్య వాటికి మట్టితో అచ్చు తీసి, తగరం సీసం కరిగించి పోసి, అచ్చం అలాంటివే చేసేవాడు. దొర వాటిని "ఇవి నకళ్ళు" అని చెప్పి మరీ స్నేహితులకి పంపేవాడు. ఇందులో దొంగతనం ఎక్కడుందో ఎవరైనా చెప్పగలరా? జగన్నాధం మాత్రం పెళ్ళయిన కొత్తలోనే మావకి "దొంగ కాసుల కూర్మయ్య" అని పేరు తగిలించాడు. తన మాటకి తనే పగలబడి నవ్వుకున్నాడు కూడా. ఆ మాట గోడ దాటి వీధిలో పడింది. కూర్మయ్య పోయిన రోజున పాడె వెనక నడిచినవాళ్ళు కూడా ఆ పేరుతోనే ఆయన్ని తలుచుకున్నారు. తను కళ్ళు మూసేలోగా తండ్రి మీంచి ఆ పేరు పోవాలి. లక్ష్మీనరసమ్మకి ఇంకే కోరికా లేదు. తండ్రి మిగిల్చిపోయిన నకళ్ళని ఒక బిస్కట్ల డబ్బాలో దాచుకుంది.

యుద్ధం ముగిసిన మరుసటేడు విజయనగరం నుంచి సీతారామారావు మేష్టారు కబురు పెట్టారు. ఆయన చరిత్ర పాఠం చెప్పేవారు. దొర సీమకి పట్టుకుపోయిన అసలు కాసులు బాంబు పడి ఇంటితోపాటు కరిగిపోయాయట. ఆ ఏనుగు ఎలా ఉండేదో చూడాలంటే ఇప్పుడు కూర్మయ్య నకళ్ళే దిక్కట. ఒకప్పుడు నకలంటే మొహం తిప్పుకున్న పెద్దమనుషులే ఇప్పుడు వాటి కోసం ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నారట. వీటిని మ్యూజియంలో పెట్టించి, చేసినవాడి పేరు పక్కనే చీటీ మీద రాయిస్తానన్నారు మేష్టారు.

ఆవిడ ఆనందానికి అంతు లేదు. జగన్నాధానికి మాత్రం గుండెల్లో రాయి పడింది.

"షరాబు ఇంట్లో దొంగ కాసులున్నాయని ఊరంతా తెలిస్తే నా మొహాన ఉమ్మరా?" అని పళ్ళు నూరాడు. ఈయన మొహం చూసే తీరిక ఊళ్ళో ఎవరికీ లేదన్న సంగతి ఆయనకి తెలీదు పాపం.

ఆదివారం ఆవిడ అరసవల్లి వెళ్ళి, నాన్న పేరు నిలబెట్టమని సూర్యనారాయణమూర్తికి మొక్కుకుని వచ్చింది. వచ్చేసరికి వసారాలో డబ్బా మూత తీసి ఉంది. ఒక్క కాసునీ వదల్లేదు. ప్రతి ఏనుగుకీ నడుం మీద గాటే.

"ఏటి సేశారిది?"

"రూలు ప్రకారం సేశాను. ఒసే, నీ బాబు పోసిన సత్తు బిళ్ళలకి ఏడుపేటి?"

ఆవిడ ఏడవలేదు. ఈయన ముందు కన్నీళ్ళు పెట్టుకోవడం కూడా దండగ అనుకుంది.

మర్నాడు మేష్టారు వచ్చారు. డబ్బాలోకి చూసి కూలబడిపోయారు. ఒక కాసు చేతిలోకి తీసుకుని గాటుని వేలితో తడిమారు.

"అయ్యయ్యో! ఎవరండీ ఈ పాపం చేసింది?"

జగన్నాధం గొంతు సవరించుకున్నాడు. నిన్నటి రూలు ఏ గంగలో కలిసిందో! "మా ఆవిడండీ. ఆడది, దానికేటి తెలుస్తాది? దొంగ కాసులని భయపడిపోయి కోసీసింది."

ఛీ, ఇలాంటి మనిషి మాటకా ఇన్నేళ్ళూ తను కుమిలిపోయింది! లక్ష్మీనరసమ్మకి తన మీద తనకే అసహ్యం వేసింది. గుమ్మం దాటి ముందుకొచ్చింది.

"మేష్టారూ, ఈయన్ని ఒక్క మాట అడగండి. ట్రెజరీలో ఎలాటి కాసు కోస్తారట?"

ఉద్యోగం మాట ఎత్తితే చాలు, జగన్నాధానికి ఒళ్ళు తెలీదు. "మోసం సెయ్యగలిగిందే కోస్తామండీ! సేతిలోకి తీసుకుంటే షరాబు కూడా ఓ క్షణం తటపటాయించాలి. పిల్లలాడుకునే సత్తు బిళ్ళ మీదకి ఉలి ఎవడెత్తుతాడు?"

"మరి వీటి మీదకి ఎత్తారే?" అంది ఆవిడ.

ఆయన నాలిక కరుచుకున్నాడు. మేష్టారు కాసులన్నీ పక్కపక్కన పేర్చి చూశారు. గాట్లన్నీ ఒకే లోతున, ఒకే వాలుగా ఉన్నాయి. చెయ్యి తిరిగినవాడి దెబ్బలే.

"కూర్మయ్యగారి పనితనం షరాబునే తటపటాయించేలా చేసిందన్నమాట," అన్నారు మేష్టారు. ఆయన మొహం తేటపడింది. "గాట్లు పడితే పడ్డాయమ్మా. నాకివే కావాలి."

అంతే, జగన్నాధం రంగు మారిపోయింది. "మా మావగారి సెయ్యంటే మాటలాండీ! నేను మొదట్నుంచీ అంటన్నాను, అలాటి పనివాడు ఈ జిల్లాలో లేడని." సిగ్గు పంచేటప్పుడు ఈయన ఎక్కడికి పోయాడో మరి.

మేష్టారు కలం తీశారు. "చీటీ మీద ఏమని రాయమంటారమ్మా?"

"ఇవి నకళ్ళు, దొంగ కాసులు కావు అని రాయండి. పైకి సెప్పి మరీ సేసినవి. సేసినాయన కూర్మయ్య, మా బాబు."

మేష్టారు రాశారు.

"దాని కింద, వీటిని కోసి పాడు సేసినవాడు ఆయన అల్లుడు జగన్నాధం అని రాయండి."

"ఒసే, మతి పోయిందేటే నీకు? మ్యూజియంలో పదిమందీ సదువుతారు!"

"సదవాలనే."

జగన్నాధం మేష్టారి చెయ్యి పట్టుకోబోయాడు. మేష్టారు చెయ్యి వెనక్కి తీసుకుని, జగన్నాధం ఇంటిపేరు ఏమిటని ఆవిడని అడిగారు. తప్పు పడకుండా ఒక్కో అక్షరమే విడదీసి చెప్పింది లక్ష్మీనరసమ్మ.