కనేలా చెవులు

ఒక్క మాట చెప్పాలి. "కనేలా బెదిరి పరుగెత్తలేదురా, మేత కోసం వచ్చింది." ఇంతే. ఈ మాటని నాలుగేళ్ళుగా గొంతులో పెట్టుకుని తిరుగుతోంది తొమాసా. ఈ మధ్యాహ్నంతో గడువు తీరిపోతుంది.

పొద్దున్నే గుర్రాలకు జీనులు బిగిస్తున్నంతసేపూ ఆ మాటనే వల్లెవేసుకుంది. పట్టీ లాగడం, గుర్రం పొట్ట బిగబట్టి మోసం చేస్తే అది ఊపిరి వదిలేదాకా ఆగడం, మళ్ళీ ఒక రంధ్రం బిగించడం, పక్క గుర్రం దగ్గరికి నడవడం. ఒక్కో గుర్రం దగ్గర ఒక్కో రకంగా చెప్పి చూసుకుంది. మొదట సంజాయిషీలా వచ్చింది, తర్వాత దెబ్బలాటలా వచ్చింది, ఎనిమిదో గుర్రం దగ్గరికి వచ్చేసరికి ఏడుపులా వచ్చింది. ఏదీ కుదరలేదు.

కొండకి ఈవైపు తొమాసా గుర్రాలు, ఆవైపు ఆమె తమ్ముడు హిలారియో క్వాడ్ బళ్ళు. సముద్రతీరపు హోటళ్ళ నుంచి ముందురోజే వచ్చే యాత్రికుల్లో సగంమందిని ఆమె గుర్రాల మీద పైకి తీసుకువెళుతుంది. మిగతా సగాన్ని అతను ఆ నాలుగు లావు చక్రాల మోటారు బళ్ళ మీద తీసుకొస్తాడు. కొండ నడుమ మామిడితోటలో అందరూ కలుస్తారు. అక్కడ పొరుగింటి నాచా వండిపెట్టిన భోజనం తిని గుర్రాలవాళ్ళు బళ్ళెక్కుతారు, బళ్ళవాళ్ళు గుర్రాలెక్కుతారు. పదకొండేళ్ళుగా ఇదే పని. అందులో చివరి నాలుగేళ్ళూ అక్కాతమ్ముళ్ళ మధ్య మాటల్లేవు. జనాన్ని అప్పగించేటప్పుడు ఆమె "ఎనిమిది" అంటుంది, అతను లెక్కపెట్టి "ఎనిమిది" అంటాడు. అది పని మాట, దాన్ని మాటల కింద ఎవరూ జమకట్టరు.

ఇవాళే ఆఖరు. బళ్ళన్నీ తీరంలో ఒక హోటలువాళ్ళు కొనేశారు, వాటితోపాటు హిలారియోనీ పనిలోకి తీసుకున్నారు. మధ్యాహ్నం అతను దిగే రోడ్డు మీద లారీ కాచుకుని ఉంటుంది. అది ఎక్కితే ఇక ఈ కొండకి రాడు. తీరం మరీ దూరమేం కాదు, బస్సులో నాలుగు గంటలు. కానీ మూడు బారల దూరంలో కూచుని బీన్సు తినే మనిషితో చెప్పలేనిది నాలుగు గంటల దూరం వెళ్ళి చెబుతుందా? తన సంగతి తనకి తెలుసు. పెద్దక్క పనికోసం సరిహద్దు దాటి ఉత్తరాదికి బస్సెక్కిన రోజున కూడా చెప్పాల్సిన మాట ఒకటి ఉండిపోయింది. ఉత్తరంలో రాద్దాంలే అనుకుంది. రాసేలోపల అక్కే లేకుండా పోయింది. అప్పటి నుంచీ ఎవరైనా సంచి సర్దుకుంటుంటే చాలు, తొమాసా అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోతుంది.

"పెద్దమ్మా, ఇది కరుస్తుందా?" అంది గులాబీ టోపీ పెట్టుకున్న అమెరికావిడ, వచ్చీరాని స్పానిషులో.

"మీరు కరవకపోతే అదీ కరవదు."

"దీనికి స్పీడెంత?" అన్నాడు ఆవిడ మొగుడు వెండెల్. ఎర్ర చొక్కా, కొత్త బూట్లు, ఒకచోట నిలబడలేని మనిషి.

"దానికి బుద్ధి పుట్టినంత." అతన్ని ఎగాదిగా చూసి అన్నిటికంటే బద్ధకంగల గుర్రం ఎక్కించింది.

ఎనిమిదిమందీ బారులు తీరి బయల్దేరారు. ఫిబ్రవరి ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ముందు తొమాసా, వెనక గిట్టల చప్పుడు. వాన పడక రెండు వైపులా గడ్డి గోధుమరంగుకి తిరిగింది. ఆ రంగు చూస్తే ఆమెకు కరువు సంవత్సరమే గుర్తుకొస్తుంది. తప్పు పుట్టింది ఆ ఏడే.

ఆ ఏడు హిలారియో కాలు విరిగి రెండు నెలలు గ్వాదలహారా పట్నంలో ఆసుపత్రి పక్కన గది తీసుకుని ఉండిపోయాడు. పచ్చిక ఎండిపోయింది. పై మేతబీడులో ఉన్న గుర్రాలకు రోజూ మొక్కజొన్న చొప్ప మోయాలి. తొమాసా మోకాళ్ళు అప్పటికే చెడ్డాయి. పాకలో తమ్ముడి బండి ఊరికే పడి ఉంది. కానీ అంతకుముందే ఆమె ఊరందరి ముందూ ఒట్టు పెట్టుకుంది: "ఆ కంపు కొట్టే పేడపురుగు మీద నేనెక్కడమా? శవపేటికనైనా ఎక్కుతాను గానీ దాన్ని ఎక్కను." ఆ మాటకి ఊరంతా నవ్వి చప్పట్లు కొట్టింది. అందుకని ఎవరూ లేవకముందే, తొలికోడి వేళ, దొంగలా బండెక్కేది. వెనక చొప్ప కట్టుకుని బీడు గేటు దగ్గరికి వెళ్ళి, తమ్ముడు చేసినట్టే ఇంజన్ని రెండుసార్లు గట్టిగా గుర్రుమనిపించేది. గుర్రాలు దుమ్ము రేపుకుంటూ వచ్చేవి. అన్నిటికంటే ముందు కనేలా, దాల్చినచెక్క రంగు ఆడగుర్రం. పుట్టినప్పుడు తొమాసా తన శాలువాతోనే దాని ఒళ్ళు తుడిచింది. రెండు నెలలు అలా సాగింది. హిలారియో తిరిగొచ్చాక బండి కడిగి యథాస్థానంలో పెట్టేసింది. ఎవరికీ తెలియదు.

తర్వాత వారానికే ఆ రోజు వచ్చింది. మామిడితోటలో జనం తింటున్నారు, గుర్రాలు వదులుగా మేస్తున్నాయి. వాగు అవతలి మలుపులో హిలారియో బళ్ళతో వస్తూ, నాచా రొట్టెలు పెనం మీద వేసుకోవడానికి సంకేతంగా ఎప్పటిలాగే ఇంజన్ని రెండుసార్లు గుర్రుమనిపించాడు. కనేలా తలెత్తింది. బెదిరిన గుర్రానికి చెవులు వెనక్కి అణిగిపోతాయి, కంటి తెల్లగుడ్డు కనబడుతుంది, చప్పుడుకి దూరంగా పారిపోతుంది. కనేలా చెవులు రెండూ ముందుకి నిక్కి ఉన్నాయి. చప్పుడు వచ్చిన వైపుకే, అడ్డదారిన, వాగు గట్టు మీదికి, మేత అందుకోబోయే ఆనందంతో పరుగెత్తింది. గట్టు విరిగింది.

ముందుకాళ్ళు రెండూ విరిగాయి, ఇక లేవదు. పక్క రైతు తుపాకి తెచ్చాడు. ఆ చప్పుడయ్యాక తొమాసా తమ్ముడి వైపు తిరిగి, అంతమంది ముందూ, "నీ బండి రొదకి జడిసి చచ్చింది నా బిడ్డ. ఈ నెత్తురు నీదే!" అంది. మలుపు అవతల ఉన్నవాడికి గుర్రం చెవులు ఎక్కడ కనబడతాయి? అతను టోపీ తీసి నిలబడ్డాడు.

అప్పటి నుంచి తోట ఇంకా రెండువందల అడుగులుందనగానే ఇంజన్లన్నీ ఆపేస్తాడు. అక్కడి నుంచి తొమ్మిది బళ్ళనీ తోసుకుంటూ రావాలి. యాత్రికులు అదీ ఆటలో భాగమనుకుని తోస్తారు. తిరిగి వెళ్ళేటప్పుడూ అంతే. ఈ నియమం పెట్టింది తొమాసాయే. గుర్రాలు బెదురుతాయని అందరికీ చెప్పింది. నిజానికి ఆ ఇంజను వింటే గుర్రాలు ఎలా చెవులు నిక్కబొడుస్తాయో ఎవరూ చూడకూడదని పెట్టింది.

తోటకి చేరేసరికి నాచా పొయ్యి ముందు కూచుని రొట్టెలు తడుతోంది. బీన్సూ, నాగజెముడు ముక్కల కూరా, మేకపాల జున్నూ, మిరప పచ్చడీ సిద్ధంగా ఉన్నాయి. తొమాసా గుర్రాలన్నిటినీ మామిడిచెట్లకి గట్టిగా కట్టింది. ఆ రోజు నుంచీ తోటలో వాటిని వదులుగా ఉంచదు.

కాసేపటికి వాగు దిక్కునుంచి మూలుగులూ నవ్వులూ వినబడ్డాయి. ఎనిమిదిమంది చెమటలు కక్కుతూ బళ్ళు తోసుకొస్తున్నారు. అందరికంటే ముందు హిలారియో, నడుం సగానికి వంగిపోయి. తోట అంచున బండి ఆపి, నడుం మీద చెయ్యేసి, ఒక్కసారిగా నిలబడలేక మెల్లమెల్లగా నిటారయ్యాడు.

"ఈ వయసులో ఏం తోపుడయ్యా!" అంది నాచా. "ఆఖరి రోజైనా ఇంజను మీద రాకూడదూ?"

"ఆఖరి రోజని నియమం మారుతుందా?" అన్నాడు హిలారియో.

ఆ మాట తొమాసాకి గుచ్చుకుంది. ఇప్పుడే చెప్పెయ్యి అనుకుంది. లేచింది. తీరా దగ్గరికి వెళ్ళి నాచాతో అంది: "ఆ ఎర్రచొక్కా ఆయనకి కుదురు తక్కువ, కాస్త కనిపెట్టమని చెప్పు."

"నాచా, విన్నానని చెప్పు," అన్నాడు హిలారియో.

"చెప్పనే చెప్పను! నేనేమైనా టెలిఫోను స్తంభాన్నా?" అని రొట్టె పెనం మీద విసిరింది నాచా. "ఒక కడుపున పుట్టి, ఒక పళ్ళెంలో తిని, ఇప్పుడు రొట్టెలు చేసుకునేదాన్ని మధ్యలో పెట్టి రాయబారాలా! వదినా, ఆయన ఇవాళ పోతున్నాడు. రేపు ఈ నాగజెముడు ముక్కలతో మాట్లాడతావా?"

హిలారియో నవ్వబోయి ఆపుకున్నాడు. తొమాసా పళ్ళెం తీసుకుని ఎదుటి రాయి మీద కూచుంది. తిన్నాక చెబుతాననుకుంది. తిన్నాక కాఫీ అయ్యాక చెబుతాననుకుంది. కాఫీ అయ్యేసరికి గులాబీ టోపీ ఆవిడ వచ్చి ఫోటో తీయమంది. తీసింది. ఇంకోటి తీయమంది. అదీ తీసింది. ఇలా అడ్డాలు వస్తుంటే ఆమెకు లోలోపల ఎంత హాయిగా ఉందో, అంత అసహ్యంగానూ ఉంది.

హిలారియో టోపీ పెట్టుకుని లేచాడు. అప్పగింతల వేళ.

"ఎనిమిది," అంది తొమాసా.

అతను వేలితో లెక్కపెట్టాడు. "ఏడు."

ఎనిమిదో మనిషి వెండెల్. అతను అప్పుడే బండెక్కి కూచున్నాడు. ఎవరూ కేకవేసేలోపలే తాళం తిప్పి, ఇంజన్ని గట్టిగా గుర్రుమనిపించాడు. సరదా తీరక మళ్ళీ ఒకసారి అనిపించాడు.

"ఆపండి! ఆపండి బాబూ!" హిలారియో కుంటుకుంటూ పరుగెత్తాడు. తాళం లాగేశాడు. తల వెనక్కి తిప్పి గుర్రాల వంక చూసి, అక్కడే నిలబడిపోయాడు.

మామిడిచెట్ల కింద తొమ్మిది గుర్రాలూ ఒక్కసారి తలలెత్తాయి. చెవులన్నీ ముందుకి నిక్కాయి. సకిలిస్తూ, తాళ్ళు లాగుతూ, బండి వైపే మెడలు చాస్తున్నాయి. తొమాసా తమ్ముడి మొహం చూసింది. చూశాడు, ఇక దాచేదేం లేదు. గుర్రాల మధ్య పుట్టి పెరిగినవాడు, చెవులు చదవడం రానివాడా? ఒక్కక్షణం ఆమెకు ప్రాణం తేలికపడింది. తను చెప్పనక్కరలేదు, గుర్రాలే చెప్పేశాయి.

"అక్కా." నాలుగేళ్ళ తర్వాత ఆ పిలుపు. హిలారియో కళ్ళు తుడుచుకుంటున్నాడు. "చూశావా అక్కా? వాటికి నేనంటే భయం పోయింది. పిలుస్తున్నాయి చూడు నన్ను. జంతువులు, అవే మర్చిపోయాయి."

తొమాసా నోరు తెరిచింది. "హిలారియో, కనేలా..."

"వద్దక్కా." అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "దాని పేరు ఎత్తకు. ఆ రోజు ఆ ఇంజను గుర్రుమనిపించకుండా ఉండాల్సింది. తీరానికి ఎందుకు పోతున్నాననుకున్నావ్? జీతానికా? ఈ వాగు చూడలేక. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లలేదు. ఇవాళ అవి పిలిచాయి గనక అడుగుతున్నాను. నువ్వూ క్షమించావా?"

ఆ చెయ్యి అడ్డం పెట్టకపోయి ఉంటే చెప్పేసేదాన్నని తర్వాత చాలాసార్లు అనుకుంది తొమాసా. అది అబద్ధమని కూడా అన్నిసార్లూ అనుకుంది. ఆ చేతిని రెండు చేతుల్తో పట్టుకుని పక్కకి తీసి చెప్పొచ్చు. చుట్టూ పదహారుమంది చూస్తున్నారు, నాచా చూస్తోంది. నాలుగేళ్ళు తోసిన నడుం ఎదురుగా నిలబడి ఉంది. 'ఇదంతా ఊరికే తోయించానురా' అని ఏ నోటితో అనాలి?

"ఎప్పుడో క్షమించానురా," అంది.

హిలారియో ఆమె భుజం మీద తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అతని చొక్కా నుంచి ఆయిలు వాసన వచ్చింది, ఆ రెండు నెలలూ ఆమె బట్టల నుంచి వచ్చిన వాసనే. తర్వాత జేబురుమాలుతో ముక్కు తుడుచుకుని, వెండెల్ వీపు మీద చరిచాడు. "నువ్వు చాలా మంచి పని చేశావయ్యా!" తనేం చేశాడో తెలియక వెండెల్ అందరికీ చెయ్యి ఊపాడు.

"ఇక తొయ్యక్కర్లేదేమో అక్కా, భయం లేదుగా. ఇక్కణ్ణుంచే ఎక్కిపోతాం." అతని మొహంలో ఎన్నేళ్ళో తగ్గిపోయాయి.

"జాగ్రత్తరా. నడుం చూపించుకో."

"అన్నట్టు, నువ్వూ రావాలి తీరానికి. నిన్ను బండెక్కిస్తాను ఈసారి. ఒట్టు గిట్టు జాన్తా నై!"

"చూద్దాంలే," అంది తొమాసా.

తొమ్మిది బళ్ళూ దుమ్ములో కలిసిపోయాయి. మొత్తం లోయంతా ఆ రొదే. గుర్రాలు తాళ్ళు తెగేలా గుంజుకుంటుంటే తొమాసా ఒక్కొక్కదాని మెడ నిమురుతూ నిలబడింది. కింద రోడ్డు మీద లారీ తలుపు పడ్డ చప్పుడు చాలాసేపటికి వినబడింది.

నాచా తన శాలువా చెంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది. "ఎంత మనసు వదినా నీది! సొంత బిడ్డలాంటి గుర్రాన్ని పొట్టనబెట్టుకున్నవాణ్ణి అంతమంది ముందు క్షమించావు. నేనైతే చచ్చినా చెయ్యలేను. సాయంత్రం చర్చిలో ఫాదరుతో చెప్పి అందరికీ చెప్పిస్తాను."

"వద్దే. ఎవరికీ చెప్పకు."

"అదిగో, ఆ అణకువే నీకు అందం!"

తొమాసా తన గుర్రం వైపు తిరిగింది. జీను పట్టుకుని కాలెత్తింది, రికాబు అందలేదు. మళ్ళీ ఎత్తింది. మూడోసారి నాచా వచ్చి, పుణ్యాత్మురాలి కాలు పట్టుకున్నంత భక్తిగా, ఆ పాదాన్ని రికాబులో పెట్టింది.