ఆఖరు కడుగునీళ్లు

రచన తానం చేసి వచ్చేసరికి కోరుట్ల ఇంటి అరుగు మీద, చేటలో, ఆమె రాళ్లు తళతళా మెరుస్తున్నాయి. మట్టి కొట్టుకొని ఉన్నాయని వదిన సరిత వాటిని ఇత్తడి చెంబులు తోమినట్టే ఉప్పూ చింతపండూ వేసి తోమిపెట్టింది.

రచన గబుక్కున చేటను దగ్గరికి లాక్కున్నది. అవి రాగి గనిలోంచి తెచ్చిన పలుగురాళ్ల ముక్కలు. రాయి గట్టిపడేనాడు లోపల చిక్కిన నీటిబొట్లు, కంటికి కనపడనంత చిన్నవి, ఇంకా అందులోనే ఉన్నాయి. రాగిని మోసుకొచ్చిన ఆ నీళ్లు ఎంత ఉప్పగా ఉండేవన్నదే ఆమె పరిశోధన. రాళ్లను నూరి, శుద్ధమైన నీళ్లలో కలిపి, ఆ ఉప్పును మిషన్‌తో కొలవాలి. మిషన్ హైదరాబాద్‌లో. ఆమె వంతు రేపు పొద్దున. గనిలో ఆ చోటంతా ఇప్పుడు మునిగిపోయింది, మళ్లీ రాళ్లు తెచ్చే దారి లేదు.

"లోపటి నీళ్లు లోపట్నే ఉన్నయి గద?" అన్నది సరిత.

"ఉన్నయి వదినా. కని పగుళ్లల్ల నీ ఉప్పు గూసున్నది. నూరినంక ఏది ఎవలిదో మిషన్‌కు ఎట్ల తెలుస్తది?"

రాళ్లను మళ్లీ కడగడానికి రచన జగిత్యాలకు బయలుదేరింది. సరిత చీర మార్చుకొని తనూ బస్సెక్కింది.

జగిత్యాల కాలేజీలో రచనకు చదువు చెప్పిన ఫౌజియా మేడం ల్యాబ్ తీయించింది. రాళ్లను శుద్ధమైన నీళ్లలో మరిగించి, ఆ నీళ్లు గాజుగొట్టంలో పోసి, మందు చుక్క వేస్తే ఉప్పున్నంత మేర తెల్లబడుతుంది. మొదట మజ్జిగలా తెల్లబడింది. తర్వాత బియ్యం కడిగిన నీళ్లలా. రచన కుదురుగా నిలబడలేకపోయింది. గడియారం చూస్తుంది, గేటు దాకా పోతుంది, వస్తుంది. మరో రెండు కడుగులయ్యాక, ఇగ చాలు, హైదరాబాద్ బస్సు పోతుందంటూ రాళ్లను డబ్బాలో వేసి మూత పెట్టబోయింది.

సరిత గొట్టాన్ని కిటికీకి ఎదురుగా పట్టి చూసింది. "ఇంక మబ్బుగనే ఉన్నది."

"బస్సు పోతది వదినా."

"పోనీ. బస్సులు ఇంకున్నయి. రాళ్లే లేవంటివి గద."

తోమిందీ ఆమెనే, ఇప్పుడు పరీక్ష పెడుతున్నదీ ఆమెనే అని మేడం నవ్వింది. రచనకు నవ్వు రాలేదు. మళ్లీ మరిగించింది. ఈసారి నీళ్లు తేటగా నిలిచాయి.

అయినా మనసొప్పలేదు. కంటికి దొరకనిది మిషన్‌కు దొరుకుతుంది. ఆ ఆఖరు కడుగునీళ్లను ఒక సీసాలో నింపుకొని తర్వాతి బస్సెక్కింది. దారి పొడుగునా సీసాను తీసి చూసుకుంటూనే ఉంది. ఈ నీళ్లలో ఉప్పు తేలితే రాళ్లను పక్కన పడేయాల్సిందే.

పొద్దున ముందుగా ఆ నీళ్లనే మిషన్‌లో పెట్టింది. తెర మీద గీత లేవలేదు. సరితకు ఫోన్ చేసింది.

"ఏమన్నది నీ మిషన్?"

"నీ ఉప్పు లేదట వదినా," అన్నది రచన, రోలులో రాళ్లు పోస్తూ. "ఇగ వీటిది చూడాలె."