ఎకరానికి ముప్పై బస్తాలు

ఆ చుట్టుపక్కల అందరూ ఆయన్ని మైకు సారు అనేవారు. వ్యవసాయ శాఖలో ఆయన హోదా కాగితం మీద ఒక వరుసంత పొడుగు ఉండేది గానీ, దాన్ని పూర్తిగా పలికే ఓపిక ఎవరికీ లేదు, ఆయనతో సహా. దేశమంతటా ఆహారోత్పత్తి ఉద్యమం మొదలైనప్పటి నుంచీ, అంటే మూడేళ్లుగా, జీపు మీద మైకు కట్టుకుని కొత్త విత్తనం వేయండి, వరుసల్లో నాటండి, నమ్మండి అని గొంతు చించుకోవడమే ఆయన ఉద్యోగం. చివరికి ఇంట్లో మంచినీళ్లు అడిగినా అదే గొంతు. "నేను పక్క గదిలోనే ఉన్నానండీ, పక్క ఊళ్లో కాదు" అని భార్య రోజుకోసారైనా గుర్తుచేసేది.

ఉద్యమం ఉత్త అరుపులతో ఆగలేదు, న్యాయంగా చెప్పుకోవాలి. కాలువ తవ్వారు, విత్తనం ఇచ్చారు, ఎరువు ఇచ్చారు. మైకు సారు సొంత అక్క సంగతే చూడండి. తండ్రి నుంచి ఆవిడకు వచ్చింది ఒక్క ఎకరం. ఒకప్పుడు వాన పడితే పంట, పడకపోతే మొగుడూ పెళ్లాలిద్దరూ మూట కట్టుకుని ఆరు నెలలు ఇటుక బట్టీలో పని. ఇప్పుడు ఏడాదికి రెండు పంటలు. బట్టీకి పట్టుకెళ్లే పెట్టెలో బావ కొడవళ్లు పెట్టుకుంటున్నాడు.

ఇంత చేసినందుకు ప్రభుత్వం ఒక నిబంధన పెట్టింది. పట్నాల్లో కూడా కడుపులున్నాయి కనుక, కొలిచిన దిగుబడిలో సగం గోదాముకు పెట్టాలి. కొలత అంటే అందరి చేలూ కొలవరు. చీటీలు వేసి ఒక చేను ఎంచుతారు. మళ్లీ చీటీలు తీసి రెండు అంకెలు చెబుతారు. చేను మూల నుంచి పొడుగున అన్ని అడుగులు, అడ్డంగా ఇన్ని అడుగులు నడిచి, ఆగినచోట మేకు పాతి, తాడుతో ఐదు మీటర్ల చదరం కట్టి, అందులో పంట కోసి తూస్తారు. దాన్నిబట్టి ఎకరానికి ఎన్ని బస్తాలో తేలుస్తారు. ఆ అంకే చుట్టుపక్కల అన్ని చేలకూ వర్తిస్తుంది.

ఆ ఏడాది చీటీలో అక్క చేను వచ్చింది. పొడుగున నలభై రెండు అడుగులు, అడ్డంగా పదిహేడు.

కొలిచే పని కూడా మైకు సారుదే. పొడుగున ముప్పై అడుగులు మామూలుగానే వేశాడు. అప్పుడు తలెత్తి చూస్తే, తను ఆగబోయే చోట పైరు ఒరిగి ఉంది. కిందటి వారం గాలివాన పని. దానికి నాలుగు బారల అవతల, కాలువ పక్కన, కంకులు నిండుగా తల వంచుకుని నిలబడి ఉన్నాయి. గట్టు మీద రైతులంతా చూస్తున్నారు. మూడేళ్లు నోరు నొప్పెట్టేలా పొగిడిన పంట, అందులోనూ సొంత అక్క చేలో, పడకేసి కనిపిస్తే తన మొహం ఎక్కడ పెట్టుకోవాలి? అంతే, మిగతా పన్నెండు అడుగులూ కొంగలా అంగలు వేసి నడిచాడు.

"బావమరిది ఏంటి, కాలవ దూకుతున్నట్టు నడుస్తున్నాడు?" అన్నాడు బావ.

"ప్యాంటు బిగువయ్యుంటుందిలే" అంది అక్క.

కాలువ పక్కన చదరం కట్టారు, కోశారు, నూర్చారు, తూశారు. ఎకరానికి ముప్పై బస్తాలని తేలింది. జిల్లాలోనే మొదటి స్థానం. పై అధికారిణి స్వయంగా ఫోన్ చేసి శభాష్ అంది. ఆ సాయంత్రం మైకు సారు అద్దం ముందు నిలబడి మీసం దువ్వుకుంటూ, దేశానికి నాలాంటివాళ్లు ఇంకో పదిమంది ఉంటే చాలు అనుకున్నాడు. తర్వాత ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆయనకు తన చెంప తనే వాయించుకోవాలనిపించేది.

నాలుగో రోజు గోదాము నుంచి ఆర్డరు వచ్చింది. ఎకరానికి పదిహేను బస్తాలు. మైకు సారు దాన్ని యథాప్రకారం మైకులో చదివేసి, అక్క ఇంటికి టీకి వెళ్లాడు. అక్క వాకిట్లో కూర్చుని, ముందుగా ఏరి తెచ్చుకున్న కంకులు గోనెసంచి మీద పోసి గింజ రాలుస్తోంది. వచ్చే పంటకు విత్తనం.

"చేనంతా కలిపి ఇరవై పైన వస్తే గొప్పరా" అంది తల ఎత్తకుండా. "పదిహేను గోదాముకి పోతే మిగిలేది ఐదో ఏడో. కోత కూలీ దాంట్లోనే. ఏడాదంతా తిండి దాంట్లోనే. ఈ గింజలు కూడా తినెయ్యాల్సిందే. విత్తనం లేకపోతే మళ్లీ బట్టీయే కదా."

మైకు సారు టీ గ్లాసు కింద పెట్టేశాడు. కొలిచిన దిగుబడిలో సగం. ఆ ముక్క తనే యాభైసార్లు మైకులో చదివాడు. ఊరంతా విన్నది, తన చెవికి మాత్రం ఎక్కలేదు. సగం అన్న మాట వాళ్ల కోసం, మొదటి స్థానం అన్న మాట తన కోసం అన్నట్టు బతికాడు ఇన్నాళ్లూ.

"కోత ఎప్పుడక్కా?"

"ఎల్లుండి. కూలీలకు చెప్పేశాం."

మర్నాడు ఆఫీసు తలుపు తీసేసరికే ఆయన అధికారిణి గది ముందు ఉన్నాడు. ఆవిడ పొట్టి మనిషి, మాట మాత్రం నిలువెత్తు. విషయం విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మళ్లీ కొలవాలంటే మొదటి కొలత తప్పని కొలిచినవాడే రాసివ్వాలి. నీ ఉద్యోగం సంగతి నేను చెప్పలేను. పైగా అక్క కోసం తగ్గించమంటున్నావని అనరూ?"

"అక్క కోసం తగ్గించడం కాదు మేడం. నా కోసం పెంచాను. పెంచడానికి ఎవర్నీ అడగలేదు, దించడానికి మీ కాళ్లు పట్టుకుంటున్నాను."

ఆవిడ నవ్వలేదు. కాగితం, పెన్ను ముందుకు తోసింది. ఆయన రాశాడు. మైకులో గంటలకొద్దీ మాట్లాడే మనిషికి మూడు వాక్యాలు రాయడానికి ముప్పావు గంట పట్టింది. 'పొరపాటున' అని మొదలుపెట్టి, కొట్టేసి, 'కావాలనే' అని రాశాడు.

ఆ మధ్యాహ్నమే ఆవిడ చేలోకి వచ్చింది. కబురు ముందే పాకింది, గట్టు నిండా జనం. పాత అంకెలే. ఆవిడ చెప్పులు విడిచి, మామూలుగా, సంతకు వెళ్లినట్టు నడిచింది. మేకు ఒరిగిన పైరులోనే పడింది. మైకు సారు తల దించుకున్నాడు. ఇప్పుడు పంటా పోయింది, పరువూ పోయింది అనుకున్నాడు. పడిపోయిన కంకులను ఒక్కొక్క గుప్పెడూ ఏరి కోశారు. టార్పాలిన్ పట్టా పరిచి దాని మీద నూర్చారు. తూకం ముల్లు నిలిచేదాకా అందరూ మెడలు చాచి చూశారు.

"ఎకరానికి ఇరవై రెండు" అంది అధికారిణి. "గోదాముకు పదకొండు. అందరికీ అంతే."

గట్టు మీద ఒక్కసారిగా మాటలు లేచాయి. బావ నోట్లో నాలుక లేని మనిషి, ఆయన కూడా పైకే అన్నాడు: "మా మామగారు ఈ చేలోనే ఓ ఏడాది పది బస్తాలు పండించి, నెల్లాళ్లు ఊరంతా చెప్పుకు తిరిగాడు. పడిపోయిన పైర్లో ఇరవై రెండు!"

అధికారిణి కాగితం మడుస్తూ మైకు సారు వైపు తిరిగింది. "ఏమయ్యా, ఇరవై రెండు చేతిలో పెట్టుకుని ముప్పై అని ఎందుకు చెప్పావు?"

ఆయన ఏదో గొణిగాడు. మూడేళ్లలో మొదటిసారి ఆయన గొంతు పక్కవాడికి కూడా వినపడలేదు. ఎకరానికి పది పండితే తండ్రి మురిసిపోవడం చిన్నప్పుడు తను కూడా చూశాడు. దానికి రెండింతలకు పైన పంట కాళ్ల ముందు నేల మీద ఉంటే, అది చాలదేమోనని సిగ్గుపడ్డాడు.

జనం వెళ్లిపోయారు. మైకు సారు మీద విచారణ వేస్తారని అధికారిణి జీపు ఎక్కుతూ చెప్పింది. అక్క పట్టా మీద మిగిలిన గింజలు చేత్తో పోగుచేస్తోంది. ఆయన వెళ్లి పక్కన గొంతుక్కూర్చుని తనూ పోగుచేయడం మొదలుపెట్టాడు.

"కొలిచిన రోజే చూశాన్రా, నువ్వెలా నడిచావో" అంది అక్క.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదక్కా?"

"నా చేనుకి మొదటి స్థానమంటే నాకు మాత్రం చేదా?" అక్క చేతులు దులుపుకుంది. "అయినా నువ్వు ఇల్లిల్లూ తిరిగి నమ్మండి నమ్మండి అన్నావు. మీ బావ వద్దన్నా నాన్న కాలం నాటి విత్తనం పక్కన పెట్టి, నీ మాట మీద కొత్తది వేశాను. మేమంతా నమ్మాం. నువ్వొక్కడివే నమ్మలేదురా."

ఆయన ఏదో హాస్యమాడబోయాడు. అది మానేసి, ఒక గుప్పెడు గింజలు ఎత్తి అక్క సంచిలో పోశాడు.