నిప్పు లోపల ఉంటుంది

మా అత్త తవిటమ్మ నోట్లో నిప్పు పెట్టుకుని ముప్ఫై నాలుగేళ్లు కలకత్తా వీధులు ఊడ్చింది. గొప్పకి చెప్పడం లేదు, ఉన్న మాటే. శ్రీకాకుళం వైపు కొందరు ఆడవాళ్లు చుట్టని తిరగేసి, కాలే కొస నోటి లోపలికి పెట్టుకుని తాగుతారు. దాన్ని అడ్డపొగ అంటారు. నేను ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగినదాన్ని. పెళ్లయి కలకత్తా వాట్‌గంజ్‌లో వీళ్ల కార్పొరేషన్ క్వార్టర్సుకి వచ్చిన మొదటి రోజే అది చూసి హడలిపోయాను. ఆవిడ మాత్రం పెదాలు కాలకుండా, బూడిద రాలకుండా, నన్ను తిట్టడం ఆపకుండా చుట్ట పూర్తి చేసింది.

నిరుడు రిటైరయింది. ఈ ఏడు కారం తగిలితే నోరు మండుతోందని గోల పెడితే పళ్ల ఆసుపత్రికి తీసుకెళ్లాను. అంగిలి అంతా తెల్లబారి, మధ్యలో ఎర్ర మచ్చలు ఉన్నాయన్నాడు డాక్టరు. అడ్డపొగ గురించి పుస్తకంలో చదవడమే గాని ఆయన ఎప్పుడూ చూడలేదట. పదకొండు మంది విద్యార్థుల్ని పిలిచాడు. అత్త అందరికీ నోరు తెరిచి చూపించి కాస్త మురిసిపోయింది కూడా. చిన్న ముక్క కోసి పరీక్షకి పంపారు. వారం తరవాత చెప్పింది విన్నాక మురిపెం పోయింది. ఇంకా క్యాన్సరు కాలేదు, చుట్ట మానకపోతే అవుతుంది, మూడు నెలల తరవాత మళ్లీ చూస్తాం అన్నారు.

అయిదు రోజులు మానింది. ఆరో రోజు నీళ్ల ట్యాంకు వెనక నోట్లో చుట్టతో దొరికింది. నన్ను చూసి దాచలేదు. ఏడ్చింది. పదిహేనేళ్ల కాపురంలో ఆవిడ ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.

నేను సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్‌లో ఒక ఆఫీసు క్యాంటీన్‌లో పని చేస్తాను. అక్కడ ఒక మేడమ్‌కి విమానం ఎక్కాలంటే చెమటలు పట్టేవి. అరుంధతి అనే హిప్నోథెరపిస్టు దగ్గరికి వెళ్లాక ఆ భయం పోయిందట. చుట్ట కూడా అలాగే మాన్పిస్తుందేమోనని ఇంట్లో అన్నానో లేదో అత్త అంతెత్తున లేచింది. ఆవిడ కొత్త పెళ్లికూతురిగా వచ్చిన ఏడాది ఖిదిర్‌పూర్ మేళాలో ఒక ఇంద్రజాలం వాడు ఎవరినో స్టేజీ ఎక్కించి, మత్తులో పెట్టి, పచ్చి బంగాళాదుంప ఇచ్చి సొందేశ్ మిఠాయి అన్నాడట. ఆ మనిషి లొట్టలేసుకుంటూ తిన్నాడట. జనమంతా చప్పట్లు కొట్టారట.

"ఆడి నోట్లోకి ఏటెల్తందో ఆడికే తెల్దు. నా నోట్లో నిప్పున్నా నాకు తెలిసే ఉంటాది" అంది అత్త.

చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది. నేను పక్కనే కూర్చోవాలి, తను లేచి గంతులేస్తే మొహాన నీళ్లు కొట్టాలి. సీసా నిండా నీళ్లు పట్టుకుని బయలుదేరాం.

అరుంధతి నలభై దాటిన బెంగాలీ ఆవిడ. మెత్తని గొంతు, నలిగిన చేనేత చీర. అత్తని మాషీమా, అంటే పిన్నిగారూ, అని పిలిచి, ఏం జరుగుతుందో బెంగాలీలో నిదానంగా చెప్పింది. నిద్ర రాదు, అన్నీ వినబడతాయి, నచ్చకపోతే కళ్లు తెరవొచ్చు, లేచి పోవచ్చు, ఇష్టం లేని పని ఎవరూ చేయించలేరు అంది. ముప్ఫై నాలుగేళ్లు సూపర్‌వైజర్ల మాటలు విన్న మనిషి మా అత్త. తల ఊపింది గాని చెప్పులు విప్పలేదు, ఒళ్లో సంచి వదల్లేదు.

అప్పుడు నాకొక దిక్కుమాలిన ఆలోచన వచ్చింది. ఫీజు సంగతి మాట్లాడాలని అరుంధతిని వరండాలోకి పిలిచి, ఎలాగూ ఆవిడ బుర్రలోకి వెళ్తున్నారు కదా, నా చేపల పులుసుకి వంకలు పెట్టకూడదని కూడా ఒక మాట చెప్పేయండి అని గుసగుసలాడాను. ఆవిడ నన్ను ఒక క్షణం చూసింది. కోప్పడలేదు. తలుపు బార్లా తీసి, నేనడిగింది అత్తకి అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. మీకు తెలియకుండా మీతో నేనేమీ అనను మాషీమా, అన్నా మీరు తీసుకోరు, అని కూడా చెప్పింది. నాకు భూమిలోకి దిగిపోదామనిపించింది.

అత్త నవ్వింది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వి నావైపు తిరిగింది. "సింతపండు సమంగా ఎయ్యే గుంటా, ఏ మంతరం నేకుండానే మెచ్చుకుంతాను" అంది. తరవాత వంగి చెప్పులు విప్పి, సంచి నా ఒళ్లో పడేసింది.

కళ్లు మూసుకుంది. అరుంధతి మెట్లు దిగుతున్నట్టు ఒక్కొక్క అంకె చెబుతుంటే అత్త భుజాలు వాలాయి, దవడ వదులైంది. ఇంట్లో నిద్రలో కూడా ఆ మొహం అంత నెమ్మదిగా ఉండగా నేను చూడలేదు. నేను సీసా మూత తిప్పి సిద్ధంగా పట్టుకున్నాను. అరుంధతి చెబుతోంది: చుట్ట కొసన ఎర్రటి నిప్పు మీ ఎదురుగా ఉంది, అది దూరంగా జరుగుతోంది, ఇంకా దూరంగా, చిన్న దీపమంత...

అత్త కనుబొమలు ముడుచుకున్నాయి. కళ్లు తెరవకుండానే, తెలుగులో, తాపీగా అంది: "తల్లీ, నువ్వు తిరగేసి సెప్తన్నావు. నిప్పు బయట నేదు. నోపల ఉంటాది."

అరుంధతి నా వంక చూసింది. నేను బెంగాలీలో చెప్పాను. పాపం, చుట్ట అని రాసుకుంది గాని నిప్పు నోట్లో ఉంటుందని ఆవిడ ఊహించలేదు. నేనూ చెప్పలేదు. మా ఇంట్లో చుట్టంటే అదే కాబట్టి, వేరేగా చెప్పాలని నాకు తట్టలేదు. అత్త కళ్లు తెరిచి, అరుంధతి పెన్ను తీసుకుని నోట్లో తిరగేసి పెట్టి చూపించింది. ఆ గదిలో ముగ్గురం చాలాసేపు నవ్వాం.

నవ్వు ఆగాక అత్త ఏదో ఆలోచనలో పడింది. అన్ని మెట్లు దిగాక కూడా తప్పుని తప్పనగలిగాను కదా, అని తనలో తనే అనుకున్నట్టు బెంగాలీలో అంది. అరుంధతి అవునంది. ఇప్పుడు నేనేం చెప్పాలో మీరే చెప్పండి, అంది.

అత్త జవాబు బెంగాలీలో మొదలుపెట్టింది గాని, సగంలో తెలుగులోకి వచ్చేసింది. నేను ఒక్కో మాటా అరుంధతికి అందించాను.

"పొద్దున్నే ఈల ఊదితే ఎల్లాలి. ఊడవమన్న ఈది ఊడవాలి. ఇంటికొత్తే మొగుడి మాట, ఆడు పోయాక కొడుకు మాట. ఆ చుట్ట ఉన్న పది నిమిసాలు నోరు మూసీసుకుంతాను కదా, ఎవులూ నాతోటి మాటాడరు. నోపల యెచ్చగా ఉంటాది. అదొక్కటే నాది. అది కూడా తీసీసుకుంతే నాకేటి మిగుల్తాది?"

నేను ఆ చివరి మాట బెంగాలీలో చెప్పలేకపోయాను. ఆవిడ మొండితనం కొద్దీ తాగుతోందని పదిహేనేళ్లు ఊరంతా చాటినదాన్ని నేనే. సిగ్గేసింది.

అరుంధతికి అర్థమైనట్టే ఉంది. ఆ పది నిమిషాలు మీవే, అవి ఉంచుకోండి, చుట్ట ఒక్కటే వదులుదాం, అంది. శ్వాస, అంకెలు తను చూసుకుంటానని, చెప్పాల్సిన మాట మాత్రం అత్తే తన భాషలో తనకి చెప్పుకోవాలని అంది. అత్త మళ్లీ కళ్లు మూసుకుంది. మెట్లు దిగింది. పెదాలు కదిలాయి. ఏం చెప్పుకుందో నాకు వినబడలేదు. అరుంధతికి వినబడినా తెలుగు రాదు.

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం మూడింటికి అత్త కుళాయి పక్క మెట్టు మీద నోరు మూసుకుని, కళ్లు మూసుకుని పది నిమిషాలు కూర్చునేది. ఎవరు పిలిచినా పలికేది కాదు. మా ఆయన సునీల్‌కుమార్ ఒకసారి టీ అడిగి అడిగి, చివరికి తనే పెట్టుకున్నాడు. మూడో వారం పలాస నుంచి వచ్చిన చుట్టాలు చుట్టల కట్ట తెచ్చారు. ఒకటి కాల్చింది. శనివారం ఎప్పటిలా అరుంధతి దగ్గరికి వెళ్లినప్పుడు, ఎవరూ అడగకుండానే తనే చెప్పేసింది. తరవాత మిగతా కట్ట బకెట్టు నీళ్లలో ముంచింది.

మూడు నెలలకి డాక్టరు టార్చి వేసి, నోరు పెద్దది చెయ్యమని రెండుసార్లు చూశాడు. ఎర్ర మచ్చలు పోయాయి, తెలుపు బాగా తగ్గింది అన్నాడు. ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకుంటే చాలు, కోత అవసరం లేదు. నేను అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చేశాను. హిప్నోథెరపీకి వెళ్లారని కాగితంలో చూసి, ఎవరు మాన్పించారు, ఆవిడేనా అని అడిగాడాయన. అత్త నా వంక ఒకసారి చూసి, నేనే అంది.

ఇంటికొచ్చే బస్సులో అత్త కిటికీ పక్కన కూర్చుంది. ఖిదిర్‌పూర్ దగ్గర పడుతుండగా అడిగింది: "పుష్పా, నీది అన్నది ఏటుందే నీకు?"

పిల్లలున్నారు, ఉద్యోగం ఉంది, ఇల్లుంది అన్నాను. అవి కాదంది. నేను వేళ్లు మడిచి లెక్కపెడుతూ ఆగిపోయాను. నిజంగా ఒక్కటీ దొరకలేదు.

మర్నాడు ఆదివారం. మూడింటికి నేను బట్టలు జాడిస్తుంటే అత్త వచ్చి మెట్టు మీద ఒక పక్కకి జరిగి కూర్చుంది. నా చేతిలో బట్ట లాగేసి బకెట్లో పడేసింది. లోపలినుంచి పిల్లలు పిలుస్తున్నారు. పలకొద్దని వేలు చూపించి, నా కోసం పది నుంచి కిందికి అంకెలు మొదలుపెట్టింది. నేను తడి చేతులు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. మెట్లు దిగాక నాకు నేను ఏం చెప్పుకున్నానో మా ఆయన అడిగాడు, పిల్లలు అడిగారు, అత్త మాత్రం అడగలేదు. ఎవరికీ చెప్పలేదు. మీకూ చెప్పను.