తలాడిస్తే అవునన్నట్టే

దసరా తెచ్చే పెరటాసి నెల వచ్చిందంటే కుముదినికి రెండు పనులు. అటక మీది ట్రంకుపెట్టె దింపించి కొలువు బొమ్మల దుమ్ము దులపడం ఒకటి. మాధవరం నుంచి రెండు బస్సులు మారి మైలాపూరు మాడవీధికి పోయి, ఒక కొత్త బొమ్మ తేవడం రెండోది. ఏడాదికొక కొత్త బొమ్మ చేరకపోతే కొలువు అలుగుతుందని అత్తగారు చెప్పేది. ఇంట్లో అలగడానికి భర్త శ్రీనివాస ఒక్కడు చాలని కుముదిని ఆ మాట ఏనాడూ తప్పలేదు.

పండగ ముందు మాడవీధి పొడుగునా గోనెపట్టాల మీద దేవుళ్లు బారులు తీరి కూర్చుంటారు. పక్కనే చెట్టియారు దంపతులు, పెళ్లి ఊరేగింపు, క్రికెట్ జట్టు. కుముదిని అన్నీ చూస్తుంది, అన్నీ చేత్తో పట్టుకుంటుంది, చివరికి సుబ్బన్ దగ్గరే ఆగుతుంది. సుబ్బన్ అమ్మేవి తంజావూరు బొమ్మలు, సన్నటి తీగ మీద తల ఆడే నాట్యకత్తెలు. వాటిని కొనే పద్ధతి వేరు. ముందు బొమ్మను అడగాలి. "మా ఇంటికొస్తావా?" అంటే, ఇష్టమున్న బొమ్మ గాలి లేకపోయినా తలని ఈ భుజం మీదికోసారి, ఆ భుజం మీదికోసారి వాల్చి ఆడిస్తుంది. ఇష్టం లేనిది ఎంత బతిమాలినా బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోతుంది. అందరూ అడిగే కొనుక్కుంటారు.

1994లో కుముదిని అడిగిన ప్రశ్న మాత్రం సుబ్బన్‌కి కూడా కొత్త.

"ఏమ్మా, నాతో మార్తా ఊరికి వస్తావా?"

పచ్చచీర బొమ్మ తలాడించింది.

"ఎవురమ్మా మార్తా?" అన్నాడు సుబ్బన్.

"నా స్నేహితురాలు. ఫారిన్‌లో ఉంది. ముప్పై ఏండ్లుగా జాబులు రాసుకుంటా ఉండాం. మొగం చూసింది లేదు."

"బొమ్మ సరేనంటా ఉంది గదా, ఇంకేమి? పోయిట్టు రండి."

స్కూల్లో ఉన్నప్పుడు టీచరమ్మ ఇచ్చిన ఒక అడ్రసుతో మొదలైన స్నేహం అది. మార్తాది చలిదేశం. ఏ దేశమో చెప్పను, రేపు మీకు వాళ్ల వీసా ఆఫీసుతో పనిపడవచ్చు. ప్రతి డిసెంబరులో వాళ్ల ఊరి చౌకులో క్రిస్మస్ సంత పెడతారు. అందులో మార్తా చెక్కబొమ్మల అంగడి నడిపేది. ఏటా ఒక బొమ్మను పార్సిల్లో పంపేది. కుముదిని కొలువులో దశావతారాల పక్కన చెక్క సిపాయిలూ రెక్కల పిల్లలూ అందుకే ఉన్నారు. బిడ్డ పుట్టి పోయిన ఏడు కుముదిని చేత మళ్లీ అన్నం తినిపించింది మార్తా ఉత్తరాలే. ఆ రుణం గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు కళ్లు తడుస్తాయి.

ఈసారి ఉత్తరంలో అక్షరాలు వంకరపోయి ఉన్నాయి. "నా చూపు మసకబారుతోంది. ఈ డిసెంబరే నా అంగడికి ఆఖరు. నీ ముఖం కనిపించేటప్పుడే ఒకసారి రా."

అందుకని కుముదిని ముందు పాస్‌పోర్టు తీసుకుంది, తరువాత స్వెట్టరు కొంది, ఆ తరువాత వీసాకి పోయింది. అక్కడి దొర కొత్తగా వచ్చినవాడు. "సంత చూశాక మళ్లీ తిరిగొస్తారా?" అని అడిగాడు. కుముదిని ముప్పై ఏళ్లు ఇంగ్లీషు రాసిందే కానీ మాట్లాడి ఎరగదు. అందుకే మనందరిలాగే తల అటూ ఇటూ ఆడించింది. దొర మళ్లీ అడిగాడు. ఈసారి ఇంకా గట్టిగా ఆడించింది. మూడోసారి నమ్మకం కలగాలని కళ్లు మూసుకుని మరీ ఆడించింది.

వారానికి కాగితం వచ్చింది. తిరిగి వచ్చే ఉద్దేశం లేదని ఆమే స్వయంగా తెలిపినందువల్ల వీసా ఇవ్వలేమట.

శ్రీనివాస చదివి పడీపడీ నవ్వాడు. "ఏమి కుముదా, నన్ను ఈడ వదిలేసి ఆడనే ఉండిపోదామనుకున్నావా?"

"సరేనని తలాడించినానండీ, మూడు తూర్లు."

"నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా? గంగిరెద్దు మాదిరి ఆడించొచ్చినావు. వాళ్లకి అట్లా ఆడిస్తే కాదని అర్థం."

కుముదిని ఏడుపు చూసి అతని నవ్వు ఆగిపోయింది. "ఇంకో తూరి పోదాం. బొమ్మని కూడా ఎత్తుకో. మాటిచ్చింది అదే గదా," అన్నాడు.

"ఎస్ సార్, ఐ విల్ కమ్ బ్యాక్" అని పొయ్యి ముందు పదిరోజులు వల్లించింది. తీరా దొర ఎదుట నిలబడితే మాట మళ్లీ గొంతులోనే ఇరుక్కుంది. కాపలావాళ్లు సంచిలోంచి తీయించిన బొమ్మ బల్ల మీద ఉంది.

"తిరిగొస్తారా?" అన్నాడు దొర.

పుట్టినప్పటి నుంచీ అటూ ఇటూ ఆడటమే తెలిసిన బొమ్మ, మెల్లగా తల కిందికి వంచింది. పైకెత్తింది. మళ్లీ వంచింది. మూడోసారి తీగ కిర్రుమని వంగింది. దొర బొమ్మకేసి చూసి, మర్యాదగా తనూ అలాగే తల వంచి, ముద్ర వేశాడు. ఆ తరువాత బొమ్మ ఎటూ ఆడలేదు. కుముదిని దాన్ని గుండెకు హత్తుకుని బస్టాపు దాకా దణ్ణాలు పెడుతూనే నడిచింది.

డిసెంబరు సంతలో మంచు పిండిలా రాలుతోంది. మార్తా కుముదిని ముఖాన్ని చూసింది, చాలక వేళ్లతో తడిమింది. పదిహేను రోజులూ ఇద్దరూ ఒకే కంబళి కప్పుకుని అంగట్లో కూర్చున్నారు. పచ్చచీర బొమ్మ రెక్కల పిల్లల మధ్య కదలకుండా నిలబడింది. అంగడి మూసేశాక ఏం చేస్తావని కుముదిని ఒకసారి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి అడిగింది. ఇంటి నుంచి ఈ చౌకుకు తప్ప తనకు ఏ దారీ తెలియదని అంది మార్తా.

ఆఖరి సాయంత్రం అంగడి చెక్కతలుపులు దించుతుంటే కుముదిని గొంతులో ఇంగ్లీషు తనంతట తనే పలికింది. "మార్తా, మా కొలువుకి వస్తావా?"

మార్తా చెయ్యి చాచి బొమ్మ తల మీద వేలు పెట్టింది. బొమ్మ కదల్లేదు.  మార్తా వేలు తీయలేదు.

అప్పుడు మార్తా తల మెల్లగా కుడి భుజం మీదికి వాలింది. తరువాత ఎడమ భుజం మీదికి. మళ్లీ కుడికి. బొమ్మ దగ్గర ఆగిపోయిన ఆట అంతా ఆ మెడలోకి వచ్చి చేరింది.

పక్క అంగడివాళ్లు అది చూసి పాపం కాదంటోంది అనుకున్నారు. కుముదినికి మాత్రం రెండోసారి అడగాల్సిన పని పడలేదు.